కడగడం వేరు, మానడం వేరు: కృష్ణా డెల్టాలో గాయాల మందుల చరిత్ర

బెజవాడ దగ్గర కృష్ణ మీద 1852లో మొదలైన ఆనకట్ట పని 1855లో పూర్తయింది. నదికి రెండు వైపులా కాలువలు పారి మాగాణి పెరిగింది. మాగాణి అంటే ధాన్యం ఒక్కటే కాదు, బురదలో దిగి పనిచేసే చేతులూ కాళ్ళూ కూడా. నాట్ల రోజుల్లో గంటలకొద్దీ నీళ్ళలో నాని వేళ్ళ సందులు ఒరిసిపోయేవి. నత్తగుల్లలు అరికాళ్ళను కోసేవి. కోతల్లో కొడవలి జారి ఎడమచేతి వేళ్ళ మీద పడేది. దుక్కిలో నాగటి కర్రు, బాటలో తుమ్మముల్లు, కొట్టంలో ఎద్దుకొమ్ము దేని వంతు అది తీసుకునేవి. ఈ గాయాలన్నిటి వెనుకా ఒక పెద్ద భయం ఉండేది. పశువుల ఎరువు కలిసిన మట్టిలో ధనుర్వాతం క్రిమి బీజాలు ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. అందువల్ల ఇక్కడి ప్రతి ఇంట్లోనూ గాయం మీద వేయడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉండేది. పసుపు నుంచి టించరు దాకా, టించరు నుంచి నేటి గోధుమరంగు అయోడిన్ ద్రావణం దాకా సాగిన ఆ వస్తువుల చరిత్రను వరసగా చూస్తే ఒక విషయం తేటపడుతుంది. గాయాన్ని శుభ్రపరచడం, గాయాన్ని మాన్పడం రెండు వేరు వేరు పనులు. మొదటి పనికి పుట్టిన మందును రెండో పనికి కూడా వాడుతూ పోవడమే మన గాయాల వైద్యంలో పాతుకుపోయిన పొరపాటు.

ఇళ్ళలో వాడిన వస్తువులను గమనిస్తే అవి రెండు పాయలుగా విడిపోతాయి. ఒక పాయలో మండించేవి, ఆరబెట్టేవి ఉన్నాయి: సున్నం, కిరసనాయిలు, బూడిద, కాఫీ పొడి, కాలిన చోట పూసే సిరా. రెండో పాయలో చల్లబరిచేవి, మెత్తగా కప్పి ఉంచేవి ఉన్నాయి: వెన్న, నెయ్యి, తేనె, ఆముదం, లేత అరటాకు. పసుపు రెండు పాయల్లోనూ తిరిగింది. పొడిగా అద్దితే అది రక్తాన్ని ఆపి గాయాన్ని ఎండగట్టే వస్తువు. ఆముదంలోనో నెయ్యిలోనో కలిపితే పైపూత. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోవడం నాట్లు వేసే ఆడవాళ్ళ కాళ్ళూ చేతులూ నీటికి చెడకుండా ఉండటానికేనని డెల్టాలో పెద్దలు చెప్పే మాటలో కూడా ఈ రెండో పాయ ఆలోచనే ఉంది. చర్మాన్ని ముందుగా కాపాడాలన్నదే అందులోని ఉద్దేశం. ఈ రెండు పాయల్లో జనం ఎక్కువగా నమ్మింది మొదటిదాన్నే. మంట పుడితే మందు పనిచేస్తోందని, మంట లేకపోతే మందులో సత్తువ లేదని అనుకున్నారు. గాయం తడిగా ఉంటే చీము పడుతుందని, ఎండి పక్కు కడితే మానినట్టేనని అనుకున్నారు. ఇంగ్లీషు వైద్యం వచ్చాక ఈ నమ్మకం పోలేదు, కొత్త సీసాలోకి మారింది.

మన శాస్త్ర గ్రంథాలు మాత్రం ఈ రెండు పనులను కలిపి చూడలేదు. సుశ్రుత సంహిత వ్రణానికి అరవై ఉపక్రమాలను చెబుతుంది. వాటిలో కోయడం, పిండడం, కడగడం, ధూపం వేయడం, కట్టు కట్టడం ఉన్నాయి. శోధన, రోపణ అనే రెండు ఘట్టాలను అది స్పష్టంగా విడదీస్తుంది. చెడిన పుండును కషాయాలతో, అవసరమైతే క్షారాలతో శుభ్రం చేయడం శోధన. శుద్ధమైన పుండులో కొత్త కండ పెరిగేటట్టు నువ్వుల ముద్ద, నెయ్యి, తేనె వంటి మృదువైన వస్తువులతో కాపాడటం రోపణ. ఏ ఘట్టంలో ఉన్న పుండుకు ఆ ఘట్టానికి తగిన మందు వాడాలన్నది ఆ పద్ధతికి ప్రాణం. విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి పేరిట ఉన్న ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల వంటి చోట్ల శల్యతంత్రం చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. గ్రంథంలో ఉన్నది గడపదాకా రాలేదు, అంతే. పుండు ఏ దశలో ఉందో చూసి చెప్పే వైద్యుడు పల్లెలో అందుబాటులో ఉండేవాడు కాదు. చేతికి దొరికిన పసుపూ సున్నమూ మొదటి రోజు ఎలా వేశారో పదో రోజు కూడా అలాగే వేశారు. దశలను బట్టి మారవలసిన వైద్యం ఇళ్ళలో ఒకే మందుగా కుదించుకుపోయింది.

ఇళ్ళ వైద్యాన్ని మారని పురాతన సంపదగా చూసే అలవాటు ఒకటి ఉంది. డెల్టా గట్ల మీద విరివిగా పెరిగే గడ్డిచామంతి ఆ అలవాటును ప్రశ్నిస్తుంది. చెయ్యి తెగగానే దాని ఆకు నలిపి పసరు పిండడం ఇక్కడి పిల్లలకు కూడా తెలిసిన వైద్యం. గాయపాకు అన్న పేరు కూడా దానికి అలాగే వచ్చింది. ఆ మొక్క పుట్టిల్లు మాత్రం అమెరికా ఖండపు ఉష్ణ ప్రాంతం. గుంటూరు మిరప తరతరాలకు పూర్వం ఏ దిక్కు నుంచి వచ్చిందో గాయపాకూ ఆ దిక్కు నుంచే వచ్చింది. అంటే మన పల్లెలు ఒక పరాయి కలుపుమొక్కను చూసి, వాడి, పనికొస్తుందని తేల్చుకుని, కొన్ని తరాల్లోనే సొంతం చేసుకున్నాయి. 1980లలో ఎలుకల మీద జరిగిన ప్రయోగాలు ఈ పసరుకు గాయాన్ని మాన్పే గుణం ఉందని సూచించాయి కూడా. ఆచారం అనేది పరీక్షలు జరుపుతూ సాగిన వ్యవహారమని దీనివల్ల అర్థమవుతుంది. పరీక్ష జరిగినప్పుడు తప్పులు కూడా జరుగుతాయి. ఆకు పసరును నిలబెట్టిన అనుభవమే బూడిదనూ కిరసనాయిలునూ కూడా నిలబెట్టింది. చిన్న గాయాలు ఏమి వేసినా, ఏమీ వేయకపోయినా చాలావరకు వాటంతట అవే మానతాయి. పేరు మాత్రం పైన వేసినదానికి దక్కుతుంది.

పసుపు విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. తెనాలికి దగ్గరలోని దుగ్గిరాల పసుపు యార్డు రాష్ట్రంలో పేరున్నది. కృష్ణ ఒడ్డు లంకల్లో, మెరకల్లో పసుపు పండించే రైతులకు అది పెద్ద ఆధారం. 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయం మాన్పడానికి పసుపు పొడి వాడే పద్ధతి మీద పేటెంటు దక్కింది. భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి దాన్ని సవాలు చేసింది. సంస్కృత, హిందీ, ఉర్దూ గ్రంథాల నుంచి, 1953లో ఒక భారతీయ వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం నుంచి 32 ఆధారాలు చూపింది. 1997లో పేటెంటు రద్దయింది. అది న్యాయమైన విజయం, గర్వపడదగిన విజయం. ఆ తీర్పు తేల్చింది ఏమిటో మాత్రం సరిగ్గా చదవాలి. గాయానికి పసుపు వాడటం కొత్త కల్పన కాదని అది తేల్చింది. పసుపు గాయాన్ని త్వరగా మానుస్తుందా అన్న ప్రశ్న ఆ వ్యాజ్యంలో లేనే లేదు. గాజుపాత్రలో పసుపులోని కర్క్యుమిన్‌కు క్రిములను అడ్డుకునే గుణం కనిపిస్తుంది, వాపును తగ్గించే గుణమూ కనిపిస్తుంది. వంటింటి డబ్బాలోని పొడిని తెరిచిన గాయంలో కూరితే ఏమవుతుందన్నది వేరే ప్రశ్న. ఆ పొడిలో కర్క్యుమిన్ ఉండేది నూటికి కొద్ది పాళ్ళే, మట్టి లేదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు. పాతదని నిరూపించడం వేరు, మేలు చేస్తుందని నిరూపించడం వేరు.

ఇంగ్లీషు వైద్యం డెల్టాకు దండు వైద్యుల ద్వారా, మిషనరీల ద్వారా, 1871 నాటి మద్రాసు లోకల్ ఫండ్ చట్టం తరువాత పెరిగిన డిస్పెన్సరీల ద్వారా వచ్చింది. గుంటూరులో 1883 నుంచి పనిచేసిన డాక్టర్ ఆనా కుగ్లర్ వంటివారి కాలానికి యూరప్ శస్త్రవైద్యం ఒక పెద్ద మలుపు తిరిగి ఉంది. జోసెఫ్ లిస్టర్ 1867లో కార్బాలిక్ ఆమ్లంతో గాయాల్లో చీమును ఆపవచ్చని ప్రకటించాడు. అంతకుముందు విరిగిన ఎముక చర్మం చీల్చుకుని బయటికి వస్తే కాలో చెయ్యో తీసేయడం, లేదా ప్రాణం పోవడం మామూలు. లిస్టర్ పద్ధతి ఎందరినో కాపాడింది, అందులో సందేహం లేదు. ఆ తరువాత టించరు అయోడిన్, ఎర్రమందుగా పిలిచిన మెర్క్యురోక్రోమ్, ఊదారంగు జెన్షన్ వయొలెట్ ఒకదాని వెంట ఒకటి కాంపౌండరు బల్ల మీదికి చేరాయి. వీటిని జనం అంత సులువుగా స్వీకరించడానికి ఒక కారణం కనిపిస్తుంది. టించరు మండింది, రంగు మందులు కనిపించాయి. సున్నం, పసుపు అలవాటైన సమాజానికి మండే మందు, రంగున్న మందు పరాయివి అనిపించలేదు. లిస్టర్ మందు చచ్చిన కండను, మురికిని ఎదుర్కొనే శస్త్రచికిత్సలో ఒక భాగం. పల్లెకు చేరేసరికి శస్త్రచికిత్స వెనకబడి, సీసా మాత్రం మిగిలింది.

సీసా ఒక్కటే చాలదని మొదట గట్టిగా నిరూపించింది మొదటి ప్రపంచయుద్ధం. ఫ్రాన్సులోని బులోన్‌లో ఆల్మ్రాత్ రైట్ నడిపిన ప్రయోగశాలలో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పనిచేశాడు. పెన్సిలిన్ కనుక్కోవడానికి పదేళ్ళకు పైగా ముందు మాట ఇది. తుపాకీ గాయంలో గుడ్డ పీలికలు, మట్టి, చితికిన కండ ఇరుక్కుని ఉంటాయి. ఫ్లెమింగ్ ఒక గాజు గొట్టానికి ముళ్ళవంటి సన్నని కొనలు లాగి, గాయంలోని సందులకు నమూనాగా వాడాడు. అందులో క్రిములున్న ద్రవం నింపి, పారబోసి, క్రిమినాశకం పోసి, అదీ పారబోసి, మళ్ళీ శుభ్రమైన ద్రవం నింపితే క్రిములు తిరిగి పెరిగాయి. మందు సందుల్లోకి చేరనే లేదు. పైగా క్రిములను మింగే తెల్లకణాలను ఆ మందులు క్రిములకంటే ముందే చంపుతున్నాయని అతడు చూపాడు. చచ్చిన కండను కోసి తీసేయడం, ధారాళంగా కడగడం ప్రధానమని యుద్ధ శస్త్రవైద్యులు గ్రహించారు. రెండో ప్రపంచయుద్ధంలో సల్ఫా పొడి పొట్లాలతో ఇదే పాఠం మళ్ళీ నేర్చుకోవలసి వచ్చింది. అమెరికాలో ఫ్రాంక్ మెలినీ నడిపిన అధ్యయనం గాయం మీద చల్లిన సల్ఫా పొడి చీమును తగ్గించడం లేదని తేల్చింది. మన ఊళ్ళలో మాత్రం గాయం మీద పొడి చల్లే అలవాటు ఆ తరువాత దశాబ్దాలపాటు పెరుగుతూనే వచ్చింది.

ఎందుకిలా జరుగుతుందో తెలియాలంటే గాయం మానే క్రమం చూడాలి. మొదట రక్తం గడ్డకట్టి ధార ఆగుతుంది. తరువాత వాపు వస్తుంది. తెల్లకణాలు చేరి క్రిములనూ చచ్చిన కణాలనూ తింటాయి. ఆపైన కొత్త రక్తనాళాలు పుట్టి, ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు కొల్లాజెన్ అల్లి, పుండు అడుగున ఎర్రని కొత్త కండ పెరుగుతుంది. అంచుల నుంచి చర్మకణాలు ఆ కండ మీదుగా జరుగుతూ వచ్చి కప్పేస్తాయి. ఈ కణాలకు తడి కావాలి, వెచ్చదనం కావాలి, కదలని చోటు కావాలి. క్రిమినాశకానికి క్రిమి ఏదో, కొత్త చర్మకణం ఏదో తెలియదు. 1985లో అమెరికా శస్త్రవైద్యుల బృందం ఒకటి పొవిడోన్ అయోడిన్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైపోక్లోరైట్, ఎసిటిక్ ఆమ్లాలను మనిషి ఫైబ్రోబ్లాస్ట్‌ల మీద పరీక్షించింది. మామూలు మోతాదుల్లో నాలుగూ ఆ కణాలను చంపాయి. అయోడిన్‌ను 0.001 శాతానికి పలచన చేస్తే క్రిములు చచ్చాయి, కణాలు బతికాయి. మందుల షాపులో దొరికే 5 శాతం ద్రావణానికి అది ఐదు వేలవ వంతు. నురగ కక్కే పెరాక్సైడ్‌కు అలాంటి క్షేమమైన పలచన దొరకలేదు. ఇక 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగం ఎండబెట్టే నమ్మకాన్నే కదిలించింది. గాలికి వదిలి పక్కు కట్టిన గాయంకంటే పాలిథీన్ పొరతో కప్పి తడి నిలిపిన గాయం మీద కొత్త చర్మం దాదాపు రెండింతల వేగంగా పరుచుకుంది. పక్కు గాయానికి కవచమని మనం అనుకున్నాం. చర్మకణాలకు అది దారికి అడ్డం.

గాజుపాత్రలో కణం చచ్చినంత మాత్రాన మనిషి గాయం మానదని ఎలా చెబుతారు అని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న సరైనదే. గాయంలో రక్తం, చీము, ప్రోటీన్లు ఉంటాయి. అవి మందు తీవ్రతను చాలా తగ్గిస్తాయి. అయోడిన్ మందుల మీద మనుషుల్లో జరిగిన పరీక్షలను కలిపి చూసిన సమీక్షలు, అయోడిన్ వల్ల గాయం మానడం తప్పక ఆలస్యమవుతుందని చెప్పలేదు. కాలి సిరల పుండ్లలో అయోడిన్‌ను నెమ్మదిగా వదిలే ఒక రకం మందు మేలు చేసిన ఆధారాలూ ఉన్నాయి. కాబట్టి క్రిమినాశకం విషమన్న వాదన నిలవదు. నిలిచే వాదన వేరు. మోతాదు ఎంత, ఎన్ని రోజులు, ఏ గాయం అన్నదాన్ని బట్టి అదే మందు మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది. మురికి పట్టిన గాయాన్ని మొదటి రోజు శుభ్రం చేయడంలో, శస్త్రచికిత్సకు ముందు చర్మం తుడవడంలో అయోడిన్ స్థానం పదిలం. ఎర్రగా, శుభ్రంగా కొత్త కండ వస్తున్న పుండులో రోజుకు రెండుసార్లు అదే ద్రావణం పోసి, అంటుకున్న గాజుగుడ్డను లాగి తీయడానికి మాత్రం ఆధారం లేదు. ఆ గుడ్డతో పాటు నిన్న పుట్టిన చర్మం కూడా ఊడి వస్తుంది.

కాలిన గాయాల చరిత్ర ఈ వాదనకు అన్నిటికంటే గట్టి పరీక్ష. ఒళ్ళు విస్తారంగా కాలినవారిని సూడోమొనాస్ వంటి క్రిములు చంపుతున్న కాలంలో, 1965లో కార్ల్ మోయర్ బృందం అర శాతం సిల్వర్ నైట్రేట్ తడిపట్టీలు, 1968లో చార్లెస్ ఫాక్స్ సిల్వర్ సల్ఫాడయజీన్ తెచ్చారు. వాటివల్ల ప్రాణాలు నిలిచాయి. ఆ తెల్లని క్రీము త్వరలోనే ప్రపంచమంతటా కాలిన ప్రతి గాయానికీ మందయింది. నూనె చింది కాలిన చిన్న బొబ్బకు కూడా అదే రాశారు. తరువాతి పరీక్షలను కాక్రేన్ సంస్థ 2013లో సమీక్షించినప్పుడు, పైపైన కాలిన గాయాల్లో ఈ క్రీము వాడినవారికి, ఆధునిక కవచపు పట్టీలు వాడినవారికంటే మానడం ఆలస్యమవుతున్నట్టు కనిపించింది. ఈ కథలో ఒక ముఖ్య ఘట్టం తెలుగు పద్మశాలీలు తరాలుగా స్థిరపడిన షోలాపూర్‌లో జరిగింది. అక్కడి శస్త్రవైద్యుడు ఎం. సుబ్రహ్మణ్యం 1991లో 104 మంది రోగుల మీద తేనెను ఈ క్రీముతో పోల్చిన ఫలితాలను ప్రకటించాడు. పదిహేను రోజుల్లో తేనె కట్టినవారిలో 87 శాతం గాయాలు మానితే క్రీము వాడినవారిలో 10 శాతమే మానాయి. తేడా ఇంత పెద్దదిగా ఉన్నప్పుడు జాగ్రత్త పడాలి. తేనె మీద వచ్చిన తొలి ఆధారాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క చోటి నుంచే వచ్చిందన్న విమర్శా ఉంది. అన్ని పరీక్షలనూ జల్లెడ పట్టిన 2015 నాటి కాక్రేన్ సమీక్ష మాత్రం పైపైన కాలిన గాయాల్లో మామూలు పట్టీలకంటే తేనె నాలుగైదు రోజులు ముందుగా మానుస్తుందని ఒప్పుకుంది. తేనె కూడా క్రిములను అడ్డుకునేదే. దాని చిక్కదనం, ఆమ్లగుణం, నెమ్మదిగా పుట్టే పెరాక్సైడ్ ఆ పని చేస్తాయి. అదే సమయంలో అది గాయాన్ని తడిగా ఉంచుతుంది. శోధన, రోపణ రెండిటికీ కొంత కొంత చేయి అందిస్తుంది.

అరటాకు సంగతీ ఇక్కడే చెప్పాలి. ఒళ్ళు కాలినవారిని లేత అరటాకుల మీద పడుకోబెట్టడం అరటి పండే నేలల్లో పాత ఆచారం. గుడ్డ అంటుకుంటుంది, ఆకు అంటుకోదు. మైనపు నునుపు ఉన్న ఆ ఆకు తడిని నిలుపుతుంది, చల్లగా ఉంటుంది. 2003లో ముంబయి వైద్యులు శుద్ధిచేసిన అరటాకు పట్టీని వాసెలిన్ గాజుగుడ్డతో పోల్చి చూశారు. అరటాకు కట్టినవారికి పట్టీ మార్చేటప్పుడు నొప్పి చాలా తక్కువగా ఉందని ప్రకటించారు. అరటితోటల మధ్య బతికే కృష్ణా, గోదావరి డెల్టాలకు ఇది గమనించదగిన సంగతి. మన ఆచారంలోని రెండో పాయ, అంటే మెత్తగా కప్పి కాపాడే పాయ, నేటి శాస్త్రం చేరుకున్న చోటికి దగ్గరగా ఉంది. మనం ఎక్కువగా నమ్మి పట్టుకున్నది మొదటి పాయను. ముంబయి ఆకుకూ మన పెరటి ఆకుకూ మధ్య ఉన్న తేడా కూడా మరవకూడదు. అది ఆవిరిలో శుద్ధిచేసిన ఆకు. ఆచారం సూత్రాన్ని పట్టింది, శుభ్రతను ఆసుపత్రి చేర్చింది.

ఆసుపత్రి లేని చోట, శుభ్రమైన నీరు లేని చోట ఈ సూక్ష్మ విచారణ ఎందుకు, ఘాటైన మందే మేలు కదా అన్నది రెండో అభ్యంతరం. డెల్టా చరిత్రలో దీనికి బలం ఉంది. పశువులు దిగే కాలువ నీరే తాగే నీరు, గాయం కడిగే నీరు కూడా అయిన కాలం చాలానే నడిచింది. పిల్లల బొడ్డు విషయంలో ఈ ప్రశ్న ప్రాణాలతో ముడిపడింది. తెగిన బొడ్డుకు బూడిదో, పసుపో, పేడో పూసిన ఆచారాల వల్ల ధనుర్వాతం పసిబిడ్డలను మింగింది. 2006లో వెలువడిన నేపాల్ పరీక్షలో బొడ్డుకు క్లోర్‌హెక్సిడిన్ పూస్తే శిశుమరణాలు 24 శాతం తగ్గాయి. తరువాత టాంజానియా, జాంబియాల్లో జరిగిన పరీక్షల్లో ఆ మేలు కనిపించలేదు. శిశుమరణాలు ఎక్కువగా ఉండి, ఇళ్ళలో పురుళ్ళు జరిగే చోట్లకు మాత్రమే ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని సిఫారసు చేసింది. మిగతా చోట్ల బొడ్డును శుభ్రంగా, పొడిగా, ఏమీ పూయకుండా వదలమంది. చుట్టూ మురికి ఉన్నంతకాలం క్రిమినాశకానికి పని ఉంటుంది, పరిసరం శుభ్రపడేకొద్దీ ఆ పని తగ్గిపోతుంది. ఆంధ్రప్రదేశ్ 2003లోనే, దేశంలో మొదటి రాష్ట్రంగా, నవజాత ధనుర్వాతాన్ని నిర్మూలించినట్టు ధ్రువీకరణ పొందింది. గర్భిణులకు వేసిన టీకాలు, ఆసుపత్రి పురుళ్ళు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన చేతులు ఆ పని చేశాయి. బొడ్డు మీద పూసిన ఏ మందూ చేయలేదు. లోతైన ముల్లు గాయంలో గాలి చొరని చోట పెరిగే ఆ క్రిమిని పైపూత అందుకోలేదు కూడా.

డెల్టాలోనే మరో సాక్ష్యం ఉంది. బాపట్లలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన కుష్ఠు ఆసుపత్రి వంటి చోట్లకు అరికాలి పుండ్లతో ఏళ్ళ తరబడి బాధపడేవారు వచ్చేవారు. ఆ పుండ్లు మానకపోవడానికి కుష్ఠు క్రిమే కారణమని, మందు పూస్తే మానాలని అందరూ అనుకున్న కాలం అది. అసలు కారణం స్పర్శ పోవడం. నొప్పి తెలియని కాలు పుండు మీదే నడుస్తుంది. 1930లలో సింహళంలో మిల్‌రాయ్ పాల్, మన దేశంలో జోసెఫ్ ఖాన్ ఆ కాళ్ళకు ప్లాస్టర్ కట్టు వేసి చూశారు. తరువాత వెల్లూరులో పాల్ బ్రాండ్ ఆ పద్ధతిని శాస్త్రంగా తీర్చిదిద్దాడు. వారాల తరబడి కట్టు విప్పకుండా, రోజూ ఏ మందూ పోయకుండా ఉంచితే ఏళ్ళనాటి పుండ్లు మానాయి. వాటికి కావలసింది విశ్రాంతి, బరువు పడకపోవడం. ఆ పాఠం నేడు విజయవాడలో, గుడివాడలో, తెనాలిలో మధుమేహపు కాలి పుండ్లతో తిరిగేవారికి అక్షరాలా వర్తిస్తుంది. మధుమేహ పాదం మీద పనిచేసే అంతర్జాతీయ నిపుణుల బృందం 2023 మార్గదర్శకాల్లో, పుండు మానడం కోసమే అయితే క్రిమినాశక పట్టీలు వాడవద్దని చెప్పింది. పాదం మీద భారం తీసేయడం, చచ్చిన కండను తొలగించడం, రక్తప్రసారం చూడటం, చక్కెర అదుపు చేయడం ముందు రావాలి. చీము లోపలికి పాకితే పైపూత చాలదు, లోపలికి మందు ఇవ్వాలి, కోయాలి. రోజూ కట్టు మారుస్తూ అదే కాలి మీద నడుస్తున్న మనిషికి వైద్యం జరుగుతోందన్న భ్రమ మాత్రం దక్కుతుంది. ఆ భ్రమలో పోయిన వారాలకు కొన్నిసార్లు కాలే మూల్యం.

యాంటీబయాటిక్ పూతలది ఇంకో కోణం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ పరిశోధనశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ వెలుగు చూసింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే మొదటిది. తెలుగు నేల మనిషి ప్రపంచానికి ఇచ్చిన ఆ కానుకను కాపాడుకోవలసిన బాధ్యత మన మీద ఎక్కువగా ఉంది. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే పూతలు, పొడులు ప్రతి గీతకూ వాడితే మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. నియోమైసిన్ వంటివి కొందరి చర్మానికి పడక దురద, వాపు తెచ్చి గాయం చుట్టూ కొత్త జబ్బు పుట్టిస్తాయి. పొడి చల్లితే అది రసితో కలిసి గట్టిపడి, కింద చీము దాగే పెంకుగా మారుతుంది.

ఇన్ని చెప్పాక మూడో అభ్యంతరం మిగులుతుంది. తరతరాల పసుపును, ఊరి వైద్యుడి టించరును తక్కువ చేయడం ఆ మనుషుల తెలివిని తక్కువ చేయడం కాదా? కాదు. ధనుర్వాతం బీజాలున్న మట్టిలో, శుభ్రమైన నీరు లేక, టీకా లేక బతికినవారు క్రిమి అన్న పేరు తెలియకముందే కుళ్ళును అడ్డుకునే వస్తువులను వెతికి పట్టుకున్నారు. వారి ఎన్నిక వారి పరిస్థితికి సరిపోయింది. పరిస్థితి మారింది. మందు వాడే తీరు మారలేదు. ఆ పెద్దలనూ ఆ గ్రంథాలనూ గౌరవించడమంటే శోధన ముగిసిన చోట ఆగడం నేర్చుకోవడమే. గాయం తగలగానే శుభ్రమైన నీటి ధారతో, సబ్బుతో మట్టి పోయేదాకా కడగాలి. తాగడానికి పనికొచ్చే కుళాయి నీరు ఈ పనికి సెలైన్‌కు తీసిపోదని పరీక్షలు చూపాయి. ధనుర్వాతం టీకా సంగతి చూసుకోవాలి. మురికి గాయానికి మొదట క్రిమినాశకం వాడవచ్చు. ఆ తరువాత అంటుకోని పట్టీతో తడి నిలిపి కప్పి, కదలకుండా కాపాడాలి. ఎరుపు పాకినా, వాపు, జ్వరం, దుర్వాసన వచ్చినా పూతలతో కాలం గడపక వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. పల్లెల్లో కట్లు కట్టే ప్రాథమిక వైద్యులకు, ఆశా కార్యకర్తలకు, మందుల షాపులవారికి ఈ నాలుగు మాటలు శిక్షణగా అందితే డెల్టాలో ఎన్నో కాళ్ళు నిలుస్తాయి. ఏ మందు వేయాలన్న ప్రశ్నకు మన దగ్గర వందల ఏళ్ళ జవాబులున్నాయి. ఎప్పుడు ఆపాలన్న ప్రశ్నను ప్రతి కట్టు దగ్గరా అడగడం ఇప్పుడు మొదలుపెట్టాలి.